బాయిలర్ గది

ఇక్కడ నా పని పద్దు రాయడం.
ఎవరొచ్చారు, ఎవరు ఫీజు బాకీ,
ఎవరి మోకాలు వాచింది.
చాప మీద కాలు పెట్టనని ముందే చెప్పాను.
అరవై దాటినదాన్ని. చాపలు కుట్టినదాన్ని.
మూతబడ్డ సినిమా హాలు తెరలు తూకానికి కొని
రంపపు పొట్టు కూరి, గోనె సూదితో
రెండు చలికాలాలు కుట్టాను.

మా రుస్తావిలో పొగగొట్టాలెక్కువ, పొగ తక్కువ.
ఉక్కు ఫ్యాక్టరీ చల్లారినా
మక్వాల బట్టీ చల్లారలేదు.
మా రొట్టెల బట్టీ అంటే నిలబెట్టిన మట్టి గాబు.
పిండిని సాగదీసి లోపలి గోడకి చరచాలి.
తల, భుజాలు, నడుం దాకా
సెగలోకి వంగిపోతుంది మనిషి.
ఒక కాలు గాల్లో తేలుతుంటే
రెండోది నేలతో మాట్లాడుతూ ఉంటుంది.
"జూడో అంటే ఇంతే గులికో,
బరువెక్కడుందో కాలికి తెలియాలి" అనేది
కనుబొమలు కమిలిన మొహంతో.

పదిహేడేళ్ళకే పతకం గెలిచింది.
కరెంటు లేని ఏళ్ళలో దాన్నిచ్చి కిరోసిన్ తెచ్చుకున్నారు.
ఎంతొచ్చిందని అడిగాను.
"రెండు సీసాలు. చిన్నవి."

బడి మాత్రం పతకంతో మొదలవలేదు.

మా బిల్డింగులో లిఫ్టు
చిల్లర మింగందే కదలదు.
ఆ రాత్రి ఆమె జేబులో బిళ్ళ లేదు.
తొమ్మిదంతస్తులు, చీకటి మెట్లు.
ఐదో మలుపులో ఎవడో మణికట్టు పట్టుకున్నాడు.

వెయ్యిసార్లు విడిపించుకున్న పట్టే అది.
కానీ అక్కడ చాప లేదు,
ముందు వంగి నమస్కరించే ఎదుటి మనిషి లేడు,
ఈల వేసే రిఫరీ లేడు.
చెయ్యి చెయ్యిలా లేదు. గొంతు గొంతులో లేదు.
ఏదో తలుపు తెరుచుకుంది, కుక్క మొరిగింది.
వాడే వదిలేసి దిగిపోయాడు,
తాపీగా, ఈల వేసుకుంటూ.

"కుక్క మొరిగింది. నేను మొరగలేకపోయాను."
ఈ మాట నాతో అనడానికి
మక్వాలకి పదకొండేళ్ళు పట్టింది.
కుక్క పేరు కుర్షా.
తలుపు నాది.
తెరిచిందాన్ని మళ్ళీ వేసుకుని
గొళ్ళెం పెట్టుకున్నది నేను.
అది ఆమెకి మొదట్నుంచీ తెలుసు.

మునిసిపల్ ఆఫీసులో గుమస్తా అడిగాడు:
"ఆడవాళ్ళకా? ఏరోబిక్సా?"
"ఏదో ఒకటి రాయి" అంది.
వాళ్ళ కాగితాల్లో మేమిప్పటికీ ఏరోబిక్సే.
బిల్డింగు కిందున్న బాయిలర్ గది ఇచ్చారు.
ఏడు తోపుడుబళ్ళ తుప్పు మోశాం.
చచ్చిన పిల్లి ఒకటి, ఎవరిదో స్కూలు బ్యాగు ఒకటి.

మొదటిరోజు ఇద్దరే వచ్చారు:
ట్రామ్ డిపోలో ఊడ్చే లామారా,
మందుల కొట్టు సిసానా.
కొట్టడం నేర్పుతుందనుకున్నారు.
పడటం నేర్పింది నెలరోజులు.
ఆ తరవాత అరవడం.

మా భాషలో 'కాదు' అంటే అరా.
నోరు తెరిచి మూసేలోగా అయిపోయే మాట.
సిసానా నోట అది ఆరు వారాలకి గానీ ఊడిపడలేదు.
ఊడిపడ్డ రోజు
పాత బాయిలరు కూడా తిరిగి అరిచింది.
లామారా నవ్వింది. సిసానా నవ్వలేదు.

నిన్న సాయంత్రం క్లాసు మధ్యలో కరెంటు పోయింది.
అందరూ నిలబడిపోయారు.
"ఆగకండి. మెట్ల మీద లైటుంటుందా?"

పడుతున్నారు. లేస్తున్నారు.
పిండి బస్తా జారినట్టు, అది లామారా.
తడిబట్ట విదిలించినట్టు, అది సిసానా.
కొత్తగా చేరిన పిల్ల రెండుసార్లు చప్పుడవుతుంది,
ముందు మోచెయ్యి, ఆనక తను.
చెవులతోనే హాజరు వేసుకుంటున్నాను.

పెన్సిలెక్కడో దొర్లిపోయింది.
వెతకలేదు.
చెప్పులు విప్పాను.
నా కుట్లు నా అరికాళ్ళకి తగిలాయి,
అనుకున్నదానికంటే వంకరగా.

ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు.
గట్టిగా. పిండి వాసన, కమిలిన వెంట్రుకల వాసన.

"అరువు, గులికో."